మీటర్ సున్నా చూపిస్తుంటే

ఆ రోజు నా జేబుకు తగిలించుకున్న మీటర్ సున్నా చూపిస్తోంది. నేను మాత్రం చచ్చిపోతున్నాననే అనుకున్నాను.

భిలాయిలో పెద్ద ఉక్కు ప్లాంటును నమ్ముకుని బతికే చిన్న ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. అలాంటి ఒకదానిలో నాది గ్యాస్ సేఫ్టీ పని. మా ఫర్నేసుకు వెళ్లే గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మేం సీవో అంటాం. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడికి ముందు తల తిరుగుతుంది, గుండె దడ పుడుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది. ఆ తర్వాత తెలివి తప్పుతుంది. అందుకే పైపుల దగ్గరికి వెళ్లే ప్రతి మనిషి ఛాతీ మీదా ఒక చిన్న మీటర్ ఉంటుంది. గ్యాస్ తగిలితే అది కూస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే. "తల తిరిగినట్టనిపిస్తే ఆలోచిస్తూ కూర్చోవద్దు. ముందు బయటికి రండి, ఆలోచన తర్వాత" అని ఏళ్ల తరబడి చెప్పాను. ఆ మాటే చివరికి నా మెడకు చుట్టుకుంది.

చలికాలం ఉదయం. నేనూ నా జోడీ సాహూ పైపు లైన్ల కింద రోజువారీ రౌండ్‌లో ఉన్నాం. మా పనిలో ఎవరూ ఒంటరిగా తిరగకూడదు, ఇద్దరేసి వెళ్లాలి. ఆ రెండోవాడే జోడీ. సాహూది దుర్గ్ పక్క పల్లెటూరు. నాకన్నా చిన్నవాడు, మాటకు ముందు నవ్వే మనిషి. వాళ్లావిడ ఆ పొద్దున చేసిన చీలాల గురించి చెబుతున్నాడు. బియ్యప్పిండితో వేసే అట్లవి. వింటూ ఉండగానే నా గుండె ఒక్కసారి ఎగిరిపడింది. తర్వాత ఆగకుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. గొంతు ఎవరో పిసికినట్టయింది. సాహూ పెదవులు కదులుతున్నాయి గానీ మాట ఎక్కడో దూరం నుంచి వస్తోంది. గ్యాస్, అనుకున్నాను. సాహూ చెయ్యి పట్టి లాక్కుంటూ బయటికి పరుగెత్తాను.

బయట చల్లగాలిలో కాసేపు కూర్చునేసరికి తగ్గింది. ఇక నాకు అనుమానమే లేదు. లోపల పట్టింది, బయట వదిలింది. గ్యాస్ కాకపోతే మరేమిటి? సాహూ తన మీటర్ చూశాడు, నాది చూశాడు. రెండూ సున్నా. "భయ్యా, కుఛ్ నహీ హై" అన్నాడు, ఏమీ లేదని. రెండు మీటర్లూ చెడిపోయి ఉంటాయన్నాను. సాహూ నన్ను హాస్పిటల్‌కు తీసుకెళ్లాడు.

హాస్పిటల్‌లో ఈసీజీ తీశారు. గుండెపోటు ఉందేమో చూసే ట్రోపోనిన్ టెస్టు చేశారు. బ్లడ్‌లో సీవో ఉందేమో చూడమని నేనే పట్టుబట్టి ఆ టెస్టు కూడా చేయించుకున్నాను. అన్నీ నార్మల్. డ్యూటీ డాక్టర్ కుర్రవాడు, కాగితాలు చేతిలో పెట్టి, "సబ్ నార్మల్ హై, టెన్షన్ మత్ లీజియే" అన్నాడు. టెన్షన్ పడకండి అని చెబితే టెన్షన్ తగ్గేటట్టయితే ఈ లోకంలో డాక్టర్లకు పనేముంది? నాకు ఒళ్లు మండింది. నార్మల్ అంటే ఏమీ లేదని కాదు, వీళ్లకు దొరకలేదని అర్థం చేసుకున్నాను.

ఆ తర్వాత అది నెలలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టలేదు. ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే అసలు నరకం. వచ్చినప్పటికన్నా వస్తుందేమోనని ఎదురుచూసేటప్పుడు ఎక్కువ భయపడ్డాను. కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఎకో, టీఎమ్‌టీ, థైరాయిడ్ అన్నీ అయ్యాయి. ట్రెడ్‌మిల్ మీద నేను పరుగెత్తిన తీరు చూసి ఆయన, "మీ గుండె నా గుండె కన్నా బాగుంది" అన్నాడు. బయటికొచ్చి స్కూటర్ ఎక్కగానే ఆ మంచి గుండె మళ్లీ దడదడలాడింది.

అప్పుడు నేను చేసిన పని గ్యాస్ సేఫ్టీవాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. మీటర్‌ను ఇంటికి తెచ్చుకున్నాను.

మా ఇల్లు రిసాలిలో. నేను, మా ఆవిడ పద్మ, తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి పింకీ, మా అమ్మ. నాన్న ప్లాంటులో రిటైరై, అంతకు ముందు సంవత్సరమే పోయారు. లుంగీ మీద బనీను, బనీనుకు మీటర్. అలా ఇంట్లో తిరిగేవాణ్ని. బాత్రూంలో గ్యాస్ గీజర్ పీకించేశాను. జనవరి చలిలో కిటికీలన్నీ బార్లా తెరిపించాను. అమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, "ఒరే సూర్యం, గ్యాసుతో సావకపోతే సలితో సచ్చిపోతాన్రా నాను" అనేది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజుల్లో నాకు దేనికీ నవ్వు రాలేదు.

ఒక సాయంత్రం అందరం భోజనానికి కూర్చున్నాం. పప్పుచారు కలుపుతుంటే చెయ్యి తిమ్మిరెక్కింది. గది గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది. "అందరూ బయటికి!" అని అరిచి, స్టవ్ కట్టేసి, అమ్మను ఎంగిలి చేత్తోనే లాక్కుని వీధిలోకి తెచ్చాను. పక్కింటి వాళ్లు కూడా బయటికొచ్చారు. "క్యా హువా భాయీసాబ్?" అని ఏమైందో అడుగుతున్నారు. అప్పుడు పింకీ నా బనీనుకున్న మీటర్ తిప్పి చూసింది.

"పాపా, జీరో హై."

"అది పాడైపోయిందమ్మా."

"రోజూ మీరే కదండీ చెక్ చేస్తున్నారు?" అంది పద్మ. "మరి పాడైపోతే మీకు తెలీదేటి?"

ఆ మాట నిజం. రోజూ బంప్ టెస్ట్ చేసేది నేనే. తెలిసిన గ్యాస్ కాస్త చూపిస్తే మీటర్ కూయాలి. కూసేది. ఎప్పుడూ తప్పలేదు. అయినా నేను దాన్ని నమ్మలేదు, నా గుండెను నమ్మాను. తాడును చూసి పామనుకున్నవాడికి దీపం తెచ్చి చూపిస్తే భయం పోతుందంటారు. నేను దీపమే తప్పు అనుకునే దశకు వచ్చేశాను.

అమ్మ దిష్టి అని తేల్చింది. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసి, "సూసినావా పద్మా, ఘాటు రానేదు. కచ్చితంగా దిష్టే" అంది. ఘాటు వచ్చిందో లేదో నాకు తెలియదు. పొగ లేవకముందే నేను వీధి చివర ఉన్నాను.

తర్వాత ఒక్కొక్క చోటూ నా నుంచి జారిపోయింది. లిఫ్ట్ మానేశాను. సినిమా హాలు మానేశాను. మంగలి షాపులో మెడకు గుడ్డ చుట్టగానే లేచి వచ్చేసి, సగం కత్తిరించిన తలతో ఇంటికొచ్చాను. నెహ్రూ నగర్ చౌక్‌లో ఎర్రలైటు పడితే, చుట్టూ లారీల మధ్య, ఆ భయం నన్ను చంపుకుతినేది. అందుకని చుట్టూ తిరిగి సందుల్లోంచి డ్యూటీకి వెళ్లేవాణ్ని. దారి రెట్టింపయింది. వెళ్లిన ప్రతి చోటా ముందు బయటికి దారి ఎటుందో చూసుకునేవాణ్ని. ఇదంతా ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. చెబితే గ్యాస్ లైన్ మీద నుంచి తీసేస్తారు. భయపడే సేఫ్టీవాణ్ని ఎవరు పెట్టుకుంటారు?

మాక్ డ్రిల్ రోజున ఆ ముసుగు కూడా ఊడింది. వీపున గాలి సిలిండర్, మొహానికి మాస్క్ ఉండే బ్రీతింగ్ సెట్ ఎలా తొడుక్కోవాలో కొత్తవాళ్లకు చూపించాలి. కొన్ని వందల సార్లు చేసిన పని. మాస్క్ పట్టీలు బిగించగానే నా ఊపిరి చప్పుడు నా చెవుల్లో మోగింది. ఆ చప్పుడు వేగం పెరిగింది. గాలి చాలడం లేదు, మాస్క్ లోపలే పోతాను అనిపించింది. రెండు చేతులతో మాస్క్ పీకి నేల మీద విసిరేశాను. గ్యాస్‌లో ఉండగా మాస్క్ ఎన్నటికీ తియ్యకూడదని అప్పుడే చెప్పిన నోటితో రొప్పుతూ నిలబడ్డాను. శకునాలు చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు. ఒకరిద్దరు నవ్వారు. సాహూ నవ్వలేదు. "సెట్ మే ప్రాబ్లమ్ హోగా" అని, తప్పు సెట్‌దన్నట్టు నన్ను కాపాడాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది.

మెయింటెనెన్స్ పనిలో పైన ప్లాట్‌ఫాం మీద ఒక వాల్వ్ సరిచెయ్యాలి. సాహూ బ్రీతింగ్ సెట్ వేసుకుని పైకి ఎక్కాడు. నేను కింద స్టాండ్‌బై. స్టాండ్‌బై అంటే చూస్తూ ఉండటమే పని. పైన మనిషి తూలినా, చెయ్యి ఊపినా, విజిల్ ఊది, నా సెట్ తొడుక్కుని వెళ్లి అతన్ని దించాలి. కన్ను తిప్పకూడదు. కాలు కదపకూడదు. సాహూ వెనక్కి తిరిగి బొటనవేలు చూపించాడు. నేనూ చూపించాను. అతను పని మొదలుపెట్టాడు. అప్పుడు వచ్చింది.

ఇదివరకు ఎప్పుడూ రానంత గట్టిగా వచ్చింది. కళ్ల ముందు మెరుపులు. నా కాళ్లు నావి కావు. నిలబడాలి, నిలబడాలి అనుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత నాకు తెలిసిందల్లా నేను గేటు దగ్గర సైకిల్ స్టాండులో, స్కూటర్ల మధ్య కూలబడి ఉండటం. విజిల్ నా మెడలోనే ఉంది.

సాహూకు ఏమీ కాలేదు. పని ముగించి, కిందికి చూసి, ఎవరూ లేకపోయేసరికి ఒక్కడే మెట్లు దిగి, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మాస్క్ అంచు అతని మొహం మీద ఎర్రగా గీత పెట్టింది. అతను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నా ఎదురుగా గొంతుక్కూర్చుని చాలా మెల్లగా అన్నాడు.

"భయ్యా, మై అందర్ థా."

నేను లోపల, గ్యాస్ లైన్ దగ్గర ఉన్నాను, అన్నాడు. అంతే. ఆ మాట విన్నాక నాకు మరో భయం పుట్టింది. అప్పటిదాకా నేను చస్తానని భయపడ్డాను. ఆ రోజు నుంచి నా వల్ల ఇంకొకడు చస్తాడని భయపడ్డాను. సాహూకు ఇద్దరు పిల్లలు. చిన్నదాని అన్నప్రాశనకు నేనే వెళ్లి గిన్నె ఇచ్చి వచ్చాను.

మొత్తం చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. సాహూ అంతా విని, "సూపర్‌వైజర్‌కి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అని హిందీలో అడిగాడు. నేనే చెప్పాను. నన్ను గ్యాస్ లైన్ మీద నుంచి తీసి స్టోర్‌లో కూర్చోబెట్టారు. డాక్టర్ ఫిట్ అని రాసిస్తేనే మళ్లీ లైన్ మీదికి అన్నారు. సాహూకు వేరే జోడీ ఇవ్వబోతే, "భయ్యా వచ్చేదాకా తాత్కాలికం అని రాయండి" అన్నాడట.

సైకియాట్రిస్ట్ పేరెత్తగానే అమ్మ నోరు నొక్కుకుంది. "పిచ్చోళ్ల డాక్టరా? టౌన్‌షిప్పంతా తెలిసిపోద్దిరా." అందుకని పద్మ మా పేటలో కాకుండా నెహ్రూ నగర్‌లో ఒక క్లినిక్ చూసింది. అక్కడ వెయిటింగ్ హాల్లో, న్యూస్‌పేపర్ వెనక మొహం దాచుకుని మా వీధి ఆంటీయే కూర్చుని ఉంది. ఆవిడ మమ్మల్ని చూడలేదు, మేం ఆవిణ్ని చూడలేదు. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కలిస్తే ఆవిడ నాతో మునుపటి కన్నా ప్రేమగా మాట్లాడుతుంది.

డాక్టర్ మేడమ్ నడివయసు మనిషి, తొందర లేని మనిషి. నా రిపోర్టుల కట్ట మొత్తం ఓపిగ్గా చూసి పక్కన పెట్టింది. "ఇది పానిక్ డిజార్డర్. మీకు వచ్చేది నిజం. గుండె దడ నిజం, తిమ్మిరి నిజం. ప్రమాదం మాత్రం నిజం కాదు" అంది. ఏమీ లేదు అనని మొదటి డాక్టర్ ఆవిడే. నాకు అక్కడే కళ్లనీళ్లు వచ్చాయి. ఇలాంటి భయం తగ్గడానికి ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ మాత్ర ఒకటి రాసింది. "మొదటి రెండు వారాలు కాస్త ఎక్కువైనట్టు అనిపించవచ్చు. మానెయ్యకండి" అని ముందే చెప్పింది. అలాగే అయింది. మాత్ర వేసుకున్న కొత్తల్లో కడుపులో తిప్పడం, చేతులు వణకడం. పద్మ నా పక్కన కూర్చుని, "ఇదే సెప్పింది కదండీ మేడమ్" అని గుర్తు చెయ్యకపోతే మాత్రలు కాలవలో పారేసి ఉండేవాణ్ని.

థెరపీ కూడా ఆవిడే చేసేది. ఎందుకు మొదలైందని అడిగింది. నాన్న పోయిన సంగతి అడిగింది. ఆయన నిద్రలోనే పోయారు, పొద్దున టీ తీసుకెళ్లింది నేనే. దానికీ దీనికీ సంబంధం లేదన్నాను. ఇప్పటికీ నాకు తెలియదు, ఉందో లేదో.

ఒకసారి అడిగింది, "మీ మీటర్ గ్యాస్ లేకుండానే కూస్తే ఏం చేస్తారు?"

"మళ్లీ క్యాలిబ్రేట్ చేస్తాం."

"ఎలా?"

"ముందు మంచి గాలిలో సున్నాకు తెస్తాం. తర్వాత తెలిసిన గ్యాస్ కొంచెం ఇచ్చి చూస్తాం."

"మనమూ అదే చేద్దాం" అని, సన్నటి స్ట్రా నా చేతికిచ్చి, ముక్కు మూసుకుని దాంట్లోంచే ఊపిరి తీసుకోమంది. నాకు చెమటలు పట్టాయి. తెలిసి తెలిసి ఆ భయాన్ని పిలవమంటోంది. మొదటిసారి స్ట్రా విసిరేసి తలుపు దాకా వెళ్లాను. ఆవిడ లేవలేదు. "తలుపు తీసే ఉంది. వెళ్లొచ్చు. కాని వెళితే మీ శరీరం ఏం నేర్చుకుంటుంది?" అంది. పారిపోయాను కాబట్టి బతికాను అని నేర్చుకుంటుంది. ఇన్నాళ్లూ నేను దానికి నేర్పిన పాఠం అదే. తిరిగొచ్చి కూర్చున్నాను. దడ పెరిగింది, పెరిగింది, ఇంకా పెరిగింది. నేను కదలలేదు. అది ఒకచోట ఆగి, దానంతట అదే దిగడం మొదలుపెట్టింది. దాన్ని అలా దిగనివ్వడం నా జీవితంలో అదే మొదలు.

కాని నాకొక ప్రశ్న ఉంది. పదే పదే అడిగాను. "మేడమ్, మీరు ఉండమంటున్నారు. నా పని బయటికి రమ్మంటుంది. రేపు నిజంగా గ్యాస్ ఉన్నప్పుడు, ఇది పానిక్కే అనుకుని నేను అక్కడే ఉంటే? నేనే కాదు, నా జోడీ కూడా పోతాడు." ఆవిడ ఆలోచిస్తానంది. తర్వాతిసారి వెళ్లినప్పుడు చెప్పింది. "ఫ్యాక్టరీలో మీ నియమం మార్చొద్దు. మీటర్ కూస్తే, మీకెలా ఉన్నా సరే, బయటికి. మీటర్ కూయకుండా మీకు బాగాలేకపోతే, మీ జోడీకి చెప్పండి. అతని మీటర్ చూడండి. ఇద్దరూ కలిసి నిర్ణయించండి. ఒంటరిగా పారిపోవద్దు, ఒంటరిగా ఓర్చుకోవద్దు." జవాబు నచ్చింది గానీ భయం పోలేదు. రెండు మీటర్లూ సున్నా చూపిస్తుంటే పాడైపోయాయని వాదించినవాణ్ని నేను.

వేసవి నాటికి చాలా నయమైంది. లిఫ్ట్ ఎక్కాను. మంగలి షాపులో పూర్తి క్షవరం చేయించుకున్నాను. అదిగో, అప్పుడే తెలివితక్కువ పని చేశాను. విజయనగరంలో మా మేనమామ కూతురి పెళ్లి. అమ్మ నసిగింది, "పెళ్లింట్లో అందరి ముందూ మాత్రలు మింగుతా ఉంటే ఏటనుకుంటారు? నయమైపోయింది కదరా." నాకూ అలాగే అనిపించింది. డాక్టర్‌ను అడక్కుండా మానేశాను. రైలెక్కేసరికి లోపల ఏదో సన్నగా వణుకుతోంది. ఏసీ బోగీ, అద్దాలు బిగించిన కిటికీలు. రాయ్‌పూర్ దాటాక నిద్రపోబోయాను. మహాసముంద్ దాటాక వచ్చింది, పాత బలంతో వచ్చింది. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని, దూకెయ్యాలనిపించి, నాకు నేనే భయపడి వెనక్కి వచ్చాను. టిట్లాగఢ్‌లో దిగిపోయాను. నా వెనకే సామానుతో పద్మ, పింకీ, అమ్మ. రైలు వెళ్లిపోయింది. పెళ్లికి తెచ్చుకున్న పట్టుచీర ఉన్న పెట్టె మీద, ప్లాట్‌ఫాంపైనే అమ్మ కూర్చుంది. అది ఆవిడ సొంత అన్న కూతురి పెళ్లి.

"నా వల్లే కదమ్మా" అన్నాను.

"నీ వల్ల కాదురా, నా వల్ల. నానే కదా మాత్రలు మానమన్నాను." కాసేపు నా వీపు రాసింది. "పెళ్లిదేటుంది, అది నాను ఎల్లకపోయినా అయిపోద్ది. నువ్వు ముందు ఊపిరి తీస్కో నాయినా." ఆ తర్వాత నా మాత్రల వేళ అమ్మే గుర్తుపెట్టుకుంది. ఇంటికి చుట్టాలొచ్చినా, అందరి ముందే గ్లాసుతో నీళ్లు తెచ్చి, "మాత్రేసుకున్నావేటి?" అని గట్టిగా అడిగేది. సిగ్గు ఆవిడ వదిలేశాక నాకు మిగలలేదు.

మళ్లీ మొదటి నుంచి. మాత్ర, థెరపీ, స్ట్రా. ఇంట్లో పాత మాస్క్ ఒకటి తొడుక్కుని టీవీ ముందు కూర్చునేవాణ్ని. పింకీ ఫొటో తీసి, "పాపా ఏలియన్" అని పేరు పెట్టింది. నెలలు పట్టింది. చివరికి మేడమ్ ఫిట్ అని రాసింది, ఒక షరతుతో. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ నేనెలా ఉన్నానో జోడీకి నిజం చెప్పాలి.

మొదటి రోజు లైన్ కింద నిలబడ్డాను. "ఆజ్ కైసా హై?" అని సాహూ అడిగాడు, ఇవాళ ఎలా ఉందని. "భయంగా ఉంది" అన్నాను. అతను తన మీటర్ నా మొహం ముందు పెట్టాడు. సున్నా. నాదీ సున్నా. భయం ఉంది, గ్యాస్ లేదు. ఆ రెండూ వేర్వేరు సంగతులని తెలిసినా, ఆ పూటంతా ఒక్కో క్షణం పళ్ల బిగువున గడిపాను. ఆ రోజు అతను పైకి ఎక్కలేదు. ఎక్కమని నేనూ అనలేదు.

ఆ తర్వాత చాలా వారాలకు సంగతి. మేమిద్దరం రౌండ్‌లో ఉన్నాం. ఒక లైన్ విప్పి పని చేస్తున్నారు. అలాంటి పనిలో మిగిలిన గ్యాస్ కాస్త బయటికి రావడం మామూలే. అందుకే ఆ చుట్టూ తాడు కట్టి ఉంచుతారు. మేం తాడుకు ఇవతలే నడుస్తున్నాం. ఎండ బాగుంది. నా ఒళ్లు తేలిగ్గా ఉంది. గుండె దాని పని అది చేసుకుంటోంది. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్లయిందో అనుకుంటూ ఉన్నాను. అప్పుడు నా మీటర్ కూసింది. వెంటనే సాహూది కూడా. గాలి మా వైపు తిరిగింది.

ఇద్దరం గాలికి అడ్డంగా తిరిగి, చేతిలో చెయ్యి వేసుకుని, వేగంగా బయటికి నడిచాం. మీటర్లు కూయడం ఆపాక, పనివాళ్లను అప్రమత్తం చేసి, సైకిల్ స్టాండ్ పక్కన నిలబడ్డాం. అప్పుడు నాకు ఒళ్లంతా వణుకు పుట్టింది. పానిక్ కాదు. ఆ క్షణంలో నా శరీరం నాకు ఏమీ చెప్పలేదు! దడ లేదు, తిమ్మిరి లేదు, తల తిరగలేదు. నన్ను చంపగలిగే గాలి నిజంగా నా మీదికి వస్తున్నప్పుడు నా గుండె నిద్రపోతున్నంత నిమ్మళంగా ఉంది. పప్పుచారు కలుపుతుంటే ఊరంతా వినేలా అరిచింది అదే గుండె. మంగలి కుర్చీలో నన్ను లేపి పరుగెత్తించింది అదే గుండె. అంత కాలం నేను మీటర్ తప్పనీ, భయం ఒప్పనీ నమ్మాను. భయానికి గ్యాస్ సంగతి ఏమీ తెలియదు. పాపం, దానికి ఎప్పుడూ తెలియదు.

సాహూకు ఈ మాట చెబితే నవ్వాడు. తర్వాత నా చెయ్యి వదలకుండా చాలాసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు ఎలా ఉన్నానంటే, మాత్ర డోసు తగ్గించారు, ఇంకా వేసుకుంటున్నాను. అది పూర్తిగా పోలేదు. మొన్న కూడా నెహ్రూ నగర్ చౌక్‌లో ఎర్రలైటు దగ్గర వచ్చింది. లారీల మధ్య కూర్చుని, రానిచ్చి, పోనిచ్చి, పచ్చలైటు పడ్డాక బండి కదిపాను. వెనకవాడు హారన్ కొట్టి తిట్టాడు. తిట్టనీ. కొత్తవాళ్లకు పాఠం ఇప్పటికీ నేనే చెబుతాను. చివర్లో ఒక మాట కలుపుతాను. ఒంట్లో ఏదైనా తేడాగా ఉంటే సిగ్గుపడకుండా ముందు జోడీకి చెప్పండి అని.

చదివేవాళ్లకు కూడా నాకు తెలిసిన సలహా అదొక్కటే. టెస్టులన్నీ ఒకసారి చేయించుకోండి, డాక్టర్ చెప్పకుండా మాత్ర మానకండి, అది సరే. కాని అన్నిటికన్నా ముందు, రోజూ మీ పక్కన ఉండే ఒక్క మనిషికి చెప్పండి. ఇంట్లోవాళ్లు కావచ్చు, పనిలో తోడు కావచ్చు. అది వచ్చాక మాట రాదు. రాకముందే చెప్పి ఉంచండి.

ఈ ఉదయం సాహూ పైన పని ఉందని సెట్ తొడుక్కున్నాడు. మాస్క్ బిగించే ముందు రోజూ అడిగినట్టే, "ఆజ్ కైసా హై, భయ్యా?" అన్నాడు. కాస్త దడగా ఉందని చెప్పాను. ఇద్దరం కాసేపు ఆగాం. మీటర్లు చూసుకున్నాం. "ఇప్పుడు?" అని అడిగాడు. "ఉంటాను" అన్నాను. అతను బొటనవేలు చూపించి మెట్లెక్కాడు. పని ముగించి అతను కిందికి చూసినప్పుడు, నేను అక్కడే ఉన్నాను.